టకోమా నేరోస్‌లో చలికాలపు సాల్మన్ వేట

అమెరికాలో సియాటిల్‌కి దక్షిణాన డిసెంబరులో ఎనిమిదికి గానీ తెల్లారదు, నాలుగున్నరకల్లా పొద్దు గుంకుతుంది. ఆ కొద్ది వెలుగులో ఆటుపోట్ల మధ్య ప్రవాహం నెమ్మదించే వేళ ఎప్పుడో పట్టికలో చూసుకుని, దానికి గంట ముందే టకోమా నేరోస్ అనే ఇరుకు జలసంధి మీది వంతెనల కిందికి చేరాం. ఇక్కడ ప్రవాహం నాలుగు నాట్లు (గంటకు ఏడు కిలోమీటర్లకు పైగా) దాటుతుంది. అది జోరు మీదున్నప్పుడు గాలం అడుగున నిలవదు. 1940లో గాలికి ఊగి కూలిన తొలి వంతెన ఇనుము ఇంకా ఆ నీటి అడుగునే ఉంది. గాలాన్ని అడుగుకి దింపే సీసం గుండ్లు పోగొట్టుకోవాలనుకుంటే అంతకన్నా మంచి చోటు లేదు! మేం దాన్ని దాటి పాయింట్ ఫాస్డిక్ వైపు వెళ్లాం.

మేం వెతికేది బ్లాక్‌మౌత్. ఇంకా ఈడుకు రాని చినూక్ సాల్మనే, చిగుళ్లు నల్లగా ఉంటాయి కాబట్టి ఆ పేరు. ఇసుకలో దూరే శాండ్ లాన్స్ అనే సన్నచేపల కోసం ఇది నేలను అంటిపెట్టుకుని తిరుగుతుంది. అందుకే చలికాలంలో ఎర రంగు గురించి వాదించుకోవడం కన్నా, గుండు అడుగుకి ఎంత దగ్గరగా ఉందో చూసుకోవడం ముఖ్యం.

డౌన్‌రిగ్గర్‌కి (గుండును తీగ మీద లోతుకి దింపే చక్రానికి) 12 పౌండ్ల గుండు, 11 అంగుళాల ఫ్లాషర్ (నీళ్లలో తిరుగుతూ మెరిసి చేపను రప్పించే పలక), దాని వెనక ఐదారు అడుగుల లీడర్ (ఎరను కట్టే దారం), చివర మూడున్నర అంగుళాల సన్నటి స్పూన్ (చిన్నచేపలా మెరిసే లోహపు ఎర). కొక్కెం ఒంటిది, ములుకు లేనిది, చట్టం అదే. ముందు పడవ పక్కనే నీళ్లలో వదిలి, ఫ్లాషర్ తిరుగుతోందో లేదో చూడాలి. ఊరికే అటూ ఇటూ ఊగుతుంటే వేగం చాలనట్టు. గంటకు రెండున్నర, మూడు మైళ్లు సరిపోతుంది, ప్రవాహం పోయే వైపే. దారం 15–20 అడుగులు వెనక్కి వదిలి డౌన్‌రిగ్గర్ తీగ మీది క్లిప్పుకి తగిలించి, గుండు నేలను తాకేదాకా దింపి, మూడు నాలుగు అడుగులు పైకి లాగాలి. 90 నుంచి 140 అడుగుల లోతు ఉన్న అంచు వెంబడి ఇదే పని మళ్లీ మళ్లీ. ప్రవాహం గుండును వెనక్కి తోసేస్తుంది కాబట్టి వదిలిన తీగ పొడవు చూపే కౌంటర్‌లో 130 అని ఉన్నా, అసలు లోతు అంతకన్నా తక్కువే. అంకెను నమ్మితే చేపల నెత్తిమీదుగా పోతాం.

చేప పట్టగానే క్లిప్పు ఊడి, వంగిన గెడ ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది. అప్పుడు ఆగకుండా రీలు తిప్పి దారంలో వదులు పోగొట్టాలి. చిన్న చేపలకు క్లిప్పు ఊడదు, గెడ కాస్త వణుకుతుందంతే. వాటిని ఈడ్చుకుంటూ తిరగకుండా ఇరవై నిమిషాలకోసారి గాలం పైకి తీసి చూడాలి.

వీపు రెక్కకీ తోకకీ మధ్య ఉండే చిన్న కండ రెక్క కత్తిరించి ఉంటే అది హేచరీ (పిల్లల్ని పెంచి వదిలే కేంద్రం) చేప. నిబంధనలో చెప్పిన పొడవు ఉంటే ఉంచుకోవచ్చు, వెంటనే క్యాచ్ కార్డులో (పట్టిన చేపల లెక్క రాసే కార్డు) రాయాలి. రెక్క ఉంటే సహజంగా పుట్టిన చేప. దాన్ని పడవలోకి ఎక్కించకూడదు, నీళ్లలోనే కొక్కెం విప్పి వదిలేయాలి. ఈ నిబంధనలు, సీజన్ తేదీలు మధ్యలో కూడా మారతాయి. బయల్దేరే రోజే వాషింగ్టన్ రాష్ట్ర మత్స్యశాఖ సైట్ చూడాలి.

నీళ్లు ఎనిమిది తొమ్మిది డిగ్రీల సెల్సియస్. లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీదే ఉండాలి. నూలు బట్టలు వద్దు. కరెంటు డౌన్‌రిగ్గర్లు బ్యాటరీని తాగేస్తాయి, కాబట్టి ఇంజన్‌కి వేరే బ్యాటరీ.

ఉంచుకున్న చేపకి మొప్పలు కోసి రక్తం కార్చి, ఐసులో పెట్టాలి. గట్టుకు చేరేదాకా ముక్కలు చేయకూడదు. ఇంట్లో పులుసు పెట్టుకునేవాళ్లు నూనె తగ్గించాలి, ఈ చేపలోనే కొవ్వు ఎక్కువ. పులుసు మరిగి చిక్కబడ్డాకే మందపాటి ముక్కలు వేస్తే పది నిమిషాల్లో ఉడుకుతాయి. గరిటె పెట్టకండి, గిన్నెనే పట్టుకుని కుదపండి.