ఐదోసారి వేసిన మాటూ నిలవలేదు: పాత బండి పెట్రోలు ట్యాంకు పని ఎంతవరకు వచ్చింది

ఐదోసారి వేసిన మాటు కూడా కారింది. నిన్న సాయంత్రం ట్యాంకులో 2 లీటర్ల పెట్రోలు పోసి, ఆరుబయట స్టాండు మీద పెట్టి, కింద తెల్ల కాగితం పరిచాను. ఈ ఉదయం చూస్తే పెట్రోలు ఆవిరైపోగా మిగిలిన పసుపు మరక, ఎప్పుడూ పడే చోటే, 30 మి.మీ. వెడల్పున ఉంది. అంతకు కొన్ని గంటల ముందే గాలి పరీక్షలో ఇదే ట్యాంకు 30 నిమిషాల పాటు 2 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర ముల్లు కదలకుండా నిలబడిందన్నదే నన్ను ఎక్కువగా బాధిస్తున్న విషయం.

మిగతా పనులన్నీ బాగానే సాగాయి: సొట్టలు లేచాయి, పెట్రోలు కుళాయి అయిన కాక్‌లో రబ్బర్లు మారాయి, మూత కొత్త వాషరుతో బిగువుగా కూర్చుంటోంది. లోపలి తుప్పు 11 లీటర్ల వేడినీళ్లలో 600 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి 18 గంటలు నానబెడితే పోయింది. ఎవాపో-రస్ట్ అనే తుప్పు వదిలించే ద్రవం ఇంతకంటే మృదువుగా పనిచేస్తుందని ఒప్పుకుంటాను గానీ, దానితో ట్యాంకు మొత్తం నింపడం దుబారా అనే నా అభిప్రాయం. చిన్న భాగాలకే దాన్ని దాచుకుంటాను.

ఇక ఆ చిల్లు సంగతి. అది ట్యాంకు అడుగున, ఎడమ వెనుక మూలలో, అడుగు రేకూ పక్క రేకూ కలిసే అతుకుకు 9 మి.మీ. లోపలగా ఉంది. ఆ చోటే ఎందుకు తినేసిందో అర్థం కావడానికి బండిని సైడ్ స్టాండు మీద నిలిపి చూడవలసి వచ్చింది. బండి ఎడమకు ఒరిగినప్పుడు ట్యాంకులో అన్నిటికంటే పల్లమైన చోటు ఆ మూలే. లీటరు పెట్రోలు సుమారు 740 గ్రాములే తూగుతుంది కాబట్టి లోపల చేరిన నీరు ఎప్పుడూ అడుగుకే దిగుతుంది. ఈ బండికి కాక్ కుడివైపు ఉన్నందువల్ల ఆ నీరు దాని గుండా బయటికి పోయే అవకాశమే లేక, దశాబ్దాల పాటు ఆ మూలలోనే కూర్చుని రేకును లోపలి నుంచి కొరికింది.

మొదటి మాటు పోవడానికి తప్పు పూర్తిగా నాదే. ఖాళీ ట్యాంకులో మిగిలే పెట్రోలు ఆవిరి భయంతో సబ్బు నీటితో మూడుసార్లు కడిగి, తలకిందులుగా పెట్టి, చిల్లు దగ్గర ఒక సెంటీమీటరు మాత్రం వదిలి నీళ్లతో నింపాను. మంట జోలికి పోకుండా బరువైన రాగిమొన టంకపు కడ్డీతో 60/40 (తగరం, సీసం) టంకం వేశాను. అంతవరకూ సరే, కానీ పైకి తిరిగి ఉన్న కాక్ రంధ్రాన్ని పరీక్ష కోసం బిగించిన బిళ్ళతో అలాగే మూసి ఉంచాను. మూసిన చోట గాలి 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే ఒత్తిడి దాదాపు పదో వంతు, అంటే సుమారు 1.5 పీఎస్ఐ పెరుగుతుంది. దానికి నీటి ఆవిరి తోడవుతుంది. కరిగిన టంకంలో బుడగ లేచి, అది గట్టిపడేటప్పుడు సూదిమొనంత దారి మిగిలిపోయింది.

రెండోసారి కాక్ రంధ్రం తెరిచి వేస్తే 26 గంటలు ఆగి కారింది. మూడోసారి చుట్టూ 20 మి.మీ. మేర తెల్లగా మెరిసేదాకా గీకి వేస్తే పాత చిల్లు మూసుకుంది గానీ, దానికి 14 మి.మీ. దూరంలో కొత్తది తెరుచుకుంది. నాలుగోసారి రెండింటినీ కలిపి ఒకే పూతగా వేసి 2 పీఎస్ఐ ఎక్కిస్తే పది నిమిషాల్లో 1.4కు పడిపోయింది, సబ్బు నురుగులో బుడగలూ వచ్చాయి. 2 పీఎస్ఐ కంటే ఎక్కువ ఎక్కించే ధైర్యం నాకు లేదు. 30 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు ఉన్న పలక మీద ఆ కొద్దిపాటి ఒత్తిడే 84 కిలోల బరువుతో సమానం. ఇంకాస్త ఎక్కువైతే సరిచేసిన పలకలు ఉబ్బుతాయి.

ఐదోది పరీక్షలో నిలిచి పెట్రోలుతో ఎందుకు ఓడిందనే దానికి నాకు రెండు అనుమానాలున్నాయి. మొదటిది, టంకం రేకుకు పట్టడానికి వాడిన జింక్ క్లోరైడ్ ఫ్లక్స్ చిల్లులో ఎండి బిరడాలా అడ్డుపడి ఉంటుంది. పరీక్ష అయ్యాక వేడినీళ్లతో కడిగాను కాబట్టి ఆ బిరడా కరిగిపోయి ఉంటుంది, తర్వాత మళ్లీ గాలి పరీక్ష చేయలేదు. రెండోది, పరీక్ష సమయంలో ట్యాంకు మీదికి ఎండ వచ్చింది. ఒక డిగ్రీ వేడికి ముల్లు సుమారు 0.05 పీఎస్ఐ లేస్తుంది. పది డిగ్రీల వేడి అర పీఎస్ఐ నష్టాన్ని సులువుగా కప్పేస్తుంది. సబ్బు నురుగు రాసి ఉంటే అప్పుడే తేలేది. ముల్లు కదలలేదన్న సంతోషంలో రాయలేదు. ఇకపై పరీక్ష కడిగిన తర్వాతే, నీడలోనే, నురుగు రాసే.

ఈ మధ్యాహ్నం పెట్రోలు తీసేసి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి, లోపలికి చిన్న ఎల్ఈడీ దీపం దింపి చీకటి గదిలో చూశాను. ఒకటి కాదు, 40 మి.మీ. నిడివిలో నాలుగు వెలుగు చుక్కలు కనిపించాయి. కాక్ రంధ్రం అంచున 0.9 మి.మీ. మందమున్న రేకు ఈ మూలలో గీతల సూదితో గట్టిగా నొక్కితే లోపలికి దిగుతోంది. ఇన్నాళ్లూ చిల్లులకు మాటు వేస్తున్నాననుకున్నాను. నిజానికి అక్కడ మాటు పట్టుకోవడానికి రేకే మిగల్లేదు.

లోపల పూత పోస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవారుంటారు. పీఓఆర్-15 వంటి పూతల మీద నాకు కోపం లేదు, బాగా ఆరిన గట్టి రేకు మీద అవి నిలుస్తాయి. అయితే పూత తుప్పును ఆపడానికే గానీ రేకుకు బదులు కాదు. పైగా పాత రకం పూతలు కొన్ని ఇథనాల్ కలిసిన పెట్రోలులో మెత్తబడి పొరలుగా ఊడి కార్బ్యురేటరుకు చేరతాయి.

కొత్త నకలు ట్యాంకునూ తెచ్చి కూర్చోబెట్టి చూశాను. ఫ్రేము మీద కూర్చునే మధ్య సొరంగం 6 మి.మీ. ఇరుకు, వెనుక బోల్టు రంధ్రం కలవడం లేదు, పాత మూత బిగియడం లేదు. దాన్ని వంచి సరిచేసే శ్రమ పాతదానికే పెడతాను.

కాబట్టి వచ్చే వారం ఆ మూలలో 65 మి.మీ. పొడవు, 35 మి.మీ. వెడల్పు ముక్క కోసి తీసి, మూలలు గుండ్రంగా ఉండేలా అదే మందం రేకుతో అతుకు చేయాలి. అంతకు ముందు ఆ చోట ఉన్న టంకాన్ని చివరి మరక దాకా తొలగించాలి, సీసం మిగిలితే వెల్డు పట్టదు. టిగ్ (విద్యుత్ ఆర్క్‌తో చేసే) వెల్డింగు నా చేతికి ఇంకా లొంగలేదు గనుక ఆ పని తెలిసినవారి చేత చేయిస్తాను. వీలైతే అదే ముక్కలో అన్నిటికంటే పల్లమైన చోట లోపల మర ఉన్న ఎం8 (8 మి.మీ.) బిళ్ళ వెల్డు చేయించి, ఒక డ్రెయిన్ బోల్టు పెట్టాలని ఉంది. సైడ్ స్టాండు మీద నిలిపినప్పుడు ఆ బోల్టు ఫ్రేముకు తగులుతుందేమో ముందు అట్టముక్కతో కొలిచి చూడాలి.