సగ్గుబియ్యం మొదలయ్యేలోపు

న్యూజెర్సీలో ఒట్టి మంచు పడితే నాకు బెంగ లేదు. ఆగాక తీసుకోవచ్చు. మంచుతో మొదలై, మధ్యలో స్లీట్‌గా, అంటే సగ్గుబియ్యంలాంటి మంచు గుళ్లుగా మారి, వానగా దిగి, ఆ రాత్రికే ఎముకలు కొరికే చలి తెచ్చే తుఫాను ఉంటుంది చూడండి, దానితోనే చిక్కంతా. దాన్ని ఏ వేళకి ఎత్తిపోయాలో తెలియడానికి నాకు రెండు చలికాలాలు, ఒక పార, ఒక మోచెయ్యి ఖర్చయ్యాయి.

ఎడిసన్‌లో ఇల్లు కొన్న మొదటి ఏడాది. అంతకుముందు అపార్ట్‌మెంటే కాబట్టి మంచు తియ్యడం నా పని కాదు. ఆ రోజు సాయంత్రానికి ఐదంగుళాలు పడింది, ఆపైన వాన. వానే కడిగేస్తుందిలే అని అన్నం తిని పడుకున్నా. కడగలేదు. మంచు ఆ నీళ్లన్నీ పీల్చుకుని కూర్చుంది. అర్ధరాత్రికి 34 డిగ్రీల నుంచి 17కి పడిపోయింది (ఇక్కడి లెక్క ఫారెన్‌హీట్, 32 దగ్గర నీళ్లు గడ్డకడతాయి). పొద్దున చూస్తే డ్రైవ్‌వే (ఇంటి ముందు కారు దారి) అంతా పోత పోసినట్టుంది. ముందురోజు నడిచిన నా బూటు అచ్చులు కూడా, అడుగున గీతలతో సహా, అలాగే బిగుసుకుపోయాయి. రెండో దెబ్బకే ప్లాస్టిక్ పార అంచు విరిగింది. రాళ్ల ఉప్పు చల్లితే అక్కడక్కడా బొక్కలు పడ్డాయంతే. 15 డిగ్రీల చుట్టుపక్కలకి వచ్చేసరికి మామూలు ఉప్పు దాదాపు చేతులెత్తేస్తుందట. అంతకన్నా చలిలో కాల్షియం క్లోరైడ్ కావాలి. అప్పటికి కొట్లో దాని సంచి ఒక్కటీ మిగల్లేదు. నాలుగు రోజులు ఆ గడ్డ మీదే కారు తీశా, పెట్టా.

మరుసటి ఏడాది బుద్ధొచ్చి, వాన రాకముందే నేల నల్లగా కనపడేదాకా గీకేశా. వీధిలో నాదొక్కటే అద్దంలాంటి వాకిలి. రెండు గంటల్లో నిజంగానే అద్దమైంది.

ఈ తుఫానుల్లో పైన గాలి వెచ్చగా, నేల దగ్గర చల్లగా ఉంటుంది. మంచు పైనే కరిగి చుక్కవుతుంది. కింద చలి పొర మందంగా ఉంటే ఆ చుక్క దారిలోనే మళ్లీ గడ్డకట్టి సగ్గుబియ్యంలా టపటపా రాలుతుంది. అది స్లీట్. పొర పలచగా ఉంటే చుక్క చుక్కగానే దిగి, తాకినచోట అతుక్కుని గడ్డకడుతుంది. అది ఫ్రీజింగ్ రెయిన్. చూడ్డానికి మామూలు తుంపర. నేను గీకిపెట్టిన నేల దానికి తాంబూలమిచ్చి పిలిచినట్టయింది. చెత్తడబ్బా లోపలికి తేబోయి పడ్డా. మోచెయ్యి వారం రోజులు వాచింది.

పక్కింటి పెద్దాయన తన వాకిట్లో ఒక అంగుళం మంచు కావాలనే వదిలేశారు. వాన దానిమీద పెంకు కట్టింది. వాన ఆగగానే ఆ పెంకునీ, కింది మంచునీ కలిపి, పెనం మీంచి అట్టు తీసినట్టు పెళ్లలు పెళ్లలుగా లేపేశారు. అడుగున నేల తడిగా ఉంది, అంతే. "2007లో ప్రేమికుల రోజున ఇలాగే స్లీట్ పడి బిగుసుకుంటే నేర్చుకున్నా" అన్నారు. ఆ తుఫానుకే పెన్సిల్వేనియాలో ఐ-78 హైవే మీద వందల బళ్లు గంటల తరబడి ఆగిపోయాయి.

మూడో ఏడాది మాకు పాప పుట్టిందని అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చారు. ఆ వారమే మళ్లీ అలాంటి తుఫాను. ఈసారి ఎన్ని అంగుళాలు అన్నది పట్టించుకోలేదు. వాతావరణ శాఖవాళ్ల మౌంట్ హోలీ ఆఫీసు పేజీలో గంటగంటకీ ఉష్ణోగ్రత గీత ఉంటుంది, దాన్నే చూశా. పగలు మూడుకి స్లీట్, ఆరుకి వాన, పదికి 32 కిందికి.

"ఒరేయ్ అబ్బాయ్, తడవకముందే ఎత్తెయ్, తడిస్తే బరువెక్కుద్ది" అన్నారు నాన్న. కళ్లంలో వడ్లు ఆరబోసి మబ్బు చూసిన మనిషి, ఆ మాత్రం చెప్పకుండా ఎందుకుంటారు. లెక్క వేసి చూపించా. మా డ్రైవ్‌వే 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. ఐదంగుళాల పొడి మంచులో సుమారు అరంగుళం నీళ్లుంటాయి, అంటే దాదాపు టన్ను. ఇంకో అరంగుళం స్లీట్, వాన అందులో ఇంకితే రెండు టన్నులు. "పాతిక బస్తాలు పైనే" అన్నారాయన వెంటనే.

రెండింటికల్లా మొదలుపెట్టి, అడుగున అంగుళం వదిలి మిగతాదంతా పక్కకి తోశా. పొడి మంచు కాబట్టి తోస్తే పోయింది, ఎత్తాల్సిన పని పెద్దగా పడలేదు. రోడ్డు పక్క తూము మీద మంచు కూడా తీశా. అది పూడితే నీళ్లు మన వాకిట్లోకే వస్తాయి. తర్వాత లోపలికొచ్చి టీ తాగి, కదలకుండా కూర్చున్నా. నిజానికి కష్టం ఇక్కడే. కిటికీలోంచి సగ్గుబియ్యం పడుతుంటే చెయ్యి పార మీదకే పోతుంది.

ఎనిమిదిన్నరకి వాన సన్నబడగానే మళ్లీ దిగా. ఈ రెండో విడతని పొద్దున్నకి వాయిదా వెయ్యకూడదు. ముద్ద ముద్దగా ఉన్నప్పుడే, నేల కనపడేదాకా పోవాలి. పార నిండా తీస్తే నడుం పట్టేస్తుంది, సగం సగమే తీశా. స్నో బ్లోవర్ (మంచుని లాగి గొట్టంలోంచి పక్కకి విసిరే మిషన్) అరువు తెచ్చాగానీ ఆ ముద్దకి గొట్టం పూడిపోయింది. పూడితే ఇంజన్ ఆపి కర్రతో పొడవాలి, చెయ్యి పెట్టకూడదు. రెండోసారి పూడాక ఇచ్చేశా. తొమ్మిదింబావుకి పని అయింది. తడి నేల మీద గుప్పెళ్లతో ఉప్పు చల్లి లోపలికొచ్చేసరికి 33.

తెల్లవారుజామున పాపకి పాలు కలపడానికి లేస్తే నాన్న కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. రాత్రి ఎప్పుడో రోడ్డు మీద మంచు తోసే ప్లౌ బండి వచ్చి, రోడ్డు మీది ముద్దంతా మా డ్రైవ్‌వే మూతికి అడ్డంగా పోసి పోయింది.

"ఎవడ్రా వీడు, మన వాకిట్లో గట్టు వేసి పోయాడు?" అన్నారు.

ఆ గట్టుకి మాత్రం గునపం కావాల్సి వచ్చింది.