మాగాయ ముద్ద

మరియమాత కొండ నిర్మలగిరి నుంచి నిన్న రాత్రే తిరిగొచ్చాను. కాళ్ల నొప్పులు ఉండగానే రాసేస్తున్నాను, తగ్గితే బద్ధకం వచ్చేస్తుంది.

మా అమ్మ పోయి పదకొండు నెలలైంది. ఆవిడ జ్ఞాపకార్థం పూజ పెట్టించిన రోజే కొబ్బరితోట సరిహద్దు దగ్గర అన్నయ్యకీ నాకూ మాటా మాటా పెరిగింది. అప్పట్నుంచి మాటల్లేవు. నేను ఏడవనైనా లేదు, అన్నయ్య ముందు ఓడిపోయినట్టవుతుందని. తర్వాత మెడ పట్టేసింది. నాలుగు ముద్దలు దిగితే గుండెల్లో మంట. రాత్రి రెండు దాటినా కునుకు రాదు. పరీక్షలన్నీ నార్మల్. "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అన్నారు డాక్టరు, చీటీ రాస్తూ. టెన్షన్ తగ్గడమేదో మెడికల్ షాపులో దొరికేదైనట్టు!

పొరుగావిడైతే "నీకు విశ్వాసం చాలట్లేదు" అనేసింది. ఆ మాటకి మెడ ఇంకాస్త బిగిసింది. నరసాపురంలో మా పెద్దమ్మ మాత్రం అలా అనలేదు. వాళ్లది 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ దొరల కాలం నాటి బ్రదరన్ అనే ప్రొటెస్టంటు సంఘం. మరియమాత కొండలంటే ఆవిడకి గిట్టదు. అయినా బైబిల్లో ముప్పై రెండో కీర్తన తీసి నా ముందు పెట్టింది. నోరు విప్పకుండా ఉన్నంతకాలం ఎముకలు క్షీణించాయని, వేసవిలో ఎండిపోయినట్టు ఒంట్లో సారం పోయిందని దావీదు రాజు చెప్పుకున్న చోటు. "దావీదుకి విశ్వాసం లేకనా? దాచుకున్నది ఎముకల్లోకి దిగుతుందే" అంది. దావీదు దాచింది తన పాపాన్ని. నేను దాచుకున్నది అన్నయ్య తప్పు అనుకున్నాను, అప్పటికి.

నిద్ర పడితే కొండకొస్తానని మొక్కుకున్నాను. పడలేదు. అయినా బయల్దేరాను.

ఈస్టరుకి ముందొచ్చే తపస్కాలం కదా, పొద్దున్నుంచి ఉపవాసం. నిడదవోలు దాకా కాలువ గట్లూ దాళ్వా చేలూ, దేవరపల్లి వైపు ఎర్రమట్టి. మార్చి 25 పండుగ దగ్గర పడిందేమో కొండంతా జనమే. నా ముందు కుర్రాడు ఫోను ఎత్తిపట్టుకుని వీడియో తీస్తాడు గానీ అడుగు కదపడు. జపమాలలో ఏ పూస మీదున్నానో మూడుసార్లు మర్చిపోయాను. ఎవరిదో చెయ్యి, ఎవరిదో కొవ్వొత్తి, ఆ సందులోంచి మరియమ్మ ముఖం ఒక్క క్షణం కనబడింది. "అమ్మా" అన్నాను. ఏ అమ్మనో నాకే తెలియలేదు. ఈలోగా వెనకవాళ్లు ముందుకి తోసేశారు.

పూజలో ఫాదర్ గారు పదమూడో శతాబ్దపు పునీత తోమా అక్వినాసు గురించి చెప్పారు. మనసులో పుట్టే వాటన్నిటిలోకీ దుఃఖమే ఒంటికి ఎక్కువ చేటు అని రాశారట. దానికి ఆయన చెప్పిన మందుల్లో ఏడుపు, స్నేహితుల ఓదార్పు, నిద్ర, స్నానం కూడా ఉన్నాయట. అంత పెద్ద వేదాంతి స్నానం చెయ్యమన్నాడంటే నవ్వొచ్చింది. గోదారోళ్లకి అది వేరే చెప్పాలా! సిలువకి ముందు రాత్రి గెత్సెమనే తోటలో వేదనతో యేసు ప్రభువు చెమట రక్తబిందువుల్లా కారిందని రాసింది వైద్యుడైన లూకా అని ఫాదర్ గారు అనగానే ఆ నవ్వు ఆగిపోయింది. పొరుగావిడ లెక్కన ప్రభువుకి కూడా విశ్వాసం చాలలేదా?

బయటికొచ్చాక మెట్ల పక్కన కళ్లు తిరిగి కూలబడ్డాను. పక్కనే డెబ్బై దాటిన ఓ మామ్మగారు స్టీలు డబ్బా విప్పుకుంటోంది.

"ఏమ్మా, ఏమీ తినలేదా?"

"ఉపవాసమండి."

"ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని చెట్టు కింద పడుకుంటే దేవదూతొచ్చి ప్రసంగం చేశాడా? రొట్టె పెట్టి, నీళ్లిచ్చి, మళ్లీ పడుకోనిచ్చాడు. తినమ్మా."

పెరుగన్నం ముద్ద నా అరచేతిలో పెట్టి, బొటనవేలితో మధ్యలో చిన్న గుంట చేసి, అందులో మాగాయ ముక్క ఉంచింది. మా అమ్మ అచ్చం ఇలాగే పెట్టేది. ముద్ద నోట్లో ఉండగానే ఏడుపు తన్నుకొచ్చింది. చుట్టూ అంతమంది ఉన్నా ఆగలేదు. మామ్మగారు ఊరుకోమనలేదు. నేను ఏడుస్తుంటే ఇంకో ముద్ద కలిపింది.

ఆ తర్వాత వెళ్లి, ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనం వరసలో నిలబడ్డాను. ఏం చెప్పానో అంతా ఇక్కడ రాయను. సరిహద్దు రాయి జరిపింది ఎవరో మాత్రం చెప్పాను. అన్నయ్యకి ఇంకా చెప్పాలి. ఆదివారం వెళ్తాను.

తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించిందే గుర్తు. పాలకొల్లు బస్టాండులో కండక్టరు లేపితే గానీ మెలకువ రాలేదు. పక్కావిడ భుజమంతా నా చొంగే.