‘ఏముంది ఇందులో?’ అనే ముందు

రోజువారీ బతుకు మీద రాసిన కథల పుస్తకం ఏదైనా తీసుకోండి. దాని మీద పాఠకులు చెప్పే మాటలు రెండు కుప్పలుగా పడతాయి. ఒకటి: “అబ్బ, మా ఊరే కళ్ళ ముందు కనబడింది.” రెండోది: “బాగానే ఉంది గానీ, ఏముంది ఇందులో? ఏమీ జరగదు.” రెండూ నిజాయితీగా చెప్పినవే కావచ్చు. కానీ ఆ మాటలు విని పుస్తకం కొనాలో వద్దో తేల్చుకోబోయేవాడికి ఏమీ తెలియదు. మొదటివాడు తన ఊరి గురించి చెప్పాడు, రెండోవాడు తన విసుగు గురించి చెప్పాడు. పుస్తకం ఇద్దరికీ మధ్యన అలాగే ఉండిపోయింది.

ఇలా ఎందుకవుతుందో చూడాలంటే ‘అమరావతి కథలు’ మంచి ఉదాహరణ. సత్యం శంకరమంచి రాసిన ఈ కథలు నూరు. కృష్ణ ఒడ్డున ఒకే ఊరు, ఆ ఊళ్ళో మనుషులు, గుడి, రేవు, పడవలు, ఆకలి, చిన్న చిన్న ఆశలు. 1975-77 మధ్య ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చాయి. అప్పుడు సంపాదకుడు పురాణం సుబ్రహ్మణ్యశర్మ. బొమ్మలు బాపువి. 1979లో రాష్ట్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అప్పటి నుంచీ జనం చదువుతూనే ఉన్నారు, మెచ్చుకుంటూనే ఉన్నారు, తిడుతూనే ఉన్నారు. మెప్పులోనూ తిట్టులోనూ సగం, చదివిన తీరు వల్ల వచ్చినవే.

లెక్క వేసి చూడండి. వారానికొకటి చొప్పున నూరు కథలంటే రెండేళ్ళకు కాస్త తక్కువ. పత్రిక పాఠకుడు ఒక కథ చదివి ఏడు రోజులు ఆగాడు. ఆ ఏడు రోజుల్లో కథ నానింది. ఇప్పుడు అదే పుస్తకాన్ని ఒకాయన ఆదివారం మధ్యాహ్నం పట్టుకుని సాయంత్రానికి ముప్ఫై కథలు లాగించేశాడనుకోండి. పదో కథకే “మళ్ళీ కృష్ణా? మళ్ళీ అమరేశ్వరుడి గుడి గంటా?” అనిపిస్తుంది. పదిహేనో కథకు ముగింపు ఎటు తిరుగుతుందో ముందే తెలిసిపోతుంది. ముప్ఫయ్యో కథకు “అన్నీ ఒకేలా ఉన్నాయి” అని రాసి మూడు చుక్కలు ఇచ్చేస్తాడు. తప్పు పూర్తిగా ఆయనదీ కాదు. వారం వారం రాసేవాడు ప్రతిసారీ ఊరిని మళ్ళీ నిలబెట్టాలి. పోయినవారం సంచిక దొరకనివాడూ, మొదటిసారి కొన్నవాడూ ఉంటారు కదా. పత్రికలో అది అవసరం, పుస్తకంలో అదే పునరుక్తి. ఈ తేడా చెప్పకుండా ‘పునరుక్తి దోషం’ అని తేల్చేసే అభిప్రాయం సగం అభిప్రాయమే.

మోతాదు సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. ఇలాంటి కథలు ఒక పూటకు నాలుగు చాలు, ఐదు ఎక్కువ. రోజుకు నాలుగంటే నూరు కథలకు ఇరవై ఐదు రోజులు. అంత ఓపిక లేకపోతే పుస్తకం అంతా చదవనక్కర్లేదు. మొదటి నుంచి ఐదు, మధ్య నుంచి పది, చివరి నుంచి ఐదు, మొత్తం ఇరవై చదివి “ఇరవై చదివాను” అని ఒప్పుకుని రాయండి. మొదటి మూడు కథలు చదివి పుస్తకం మొత్తానికి తీర్పిచ్చేవాళ్ళ కంటే ఇది వెయ్యి రెట్లు నయం. కథల పుస్తకాల్లో మొదటి కథ సాధారణంగా ఏరి పెట్టిందే, బజ్జీల బండి మీద పైన పేర్చిన బజ్జీల్లాగా.

ఒక్కో కథ అయిపోగానే ఒక చీటీ మీద మూడే ముక్కలు రాసుకోవాలి: ఎవరు, ఏం కావాలనుకున్నారు, చివరికి ఏం మారింది. మూడోదాని దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది. ఏమీ జరగలేదనే చాలా కథల్లో బయట ఏమీ మారదు, లోపల మారుతుంది. పాత్ర లోపల కూడా మారకపోతే పాత్ర గురించి మనకు తెలిసింది మారుతుంది. ఈ రెండింట్లో ఏదీ చీటీ మీదికి రాకపోతే, అప్పుడు మాత్రం “ఇది కథ కాదు, స్కెచ్” అనడానికి మీకు హక్కు ఉంది. ఈ నూరింటిలో అలాంటివి లేవని ఎవరూ అనరు. వారం వారం గడువుకు రాసిన నూరు కథల్లో కొన్ని పలచగానే ఉంటాయి. ఉన్నాయి కూడా. అవేమిటో పేరు పెట్టి చెప్పేవాడి మెప్పునే నమ్మొచ్చు.

ఇంకొక పని: కనీసం ఒక కథ పైకి చదవండి. సత్యం ఆకాశవాణిలో పనిచేసిన మనిషి. ఆయన వాక్యం చెవికోసం రాసినట్టు ఉంటుంది, పొట్టిగా, ఊపిరి తీసుకునే చోట ఆగుతూ. ఈ కథలు చాలావరకు మూడు నాలుగు పేజీలే కాబట్టి పైకి చదివినా పట్టుమని పది నిమిషాలు పట్టదు. కళ్ళతో చదివినప్పుడు ‘మరీ కవిత్వం’ అనిపించిన చోటు పైకి చదివితే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే అది నిజంగానే ఎక్కువైన చోటు. అక్కడ గీత పెట్టుకోండి.

ఇక ఫిర్యాదులు. ‘ఏమీ జరగదు’ కంటే గట్టి ఫిర్యాదు మరొకటి ఉంది: ఊరిని అందంగా చూపించి ఊళ్ళో అన్యాయాన్ని మెత్తగా దాటేశారని. ముఖ్యంగా తొంభైల తర్వాత దళిత, స్త్రీవాద, ముస్లిం కథలు చదివి ఈ పుస్తకానికి వచ్చినవాళ్ళు ఈ మాట అంటారు. అనాలి కూడా. అయితే ఎలా అంటారన్నది చూడాలి. “బ్రాహ్మణీయ దృక్పథం” అని ఒక్క ముక్కలో కొట్టేస్తే ఏ కథలో, ఏ చోట అన్నది తేలదు. దానికి జవాబుగా “రచయిత మనసు వెన్న” అని ఎదురు కొట్టేవాడికీ అదే జబ్బు. ఇద్దరూ మొదటి కథ ‘వరద’ దగ్గరికి వచ్చి కూర్చుంటే మాట్లాడుకోవడానికి బోలెడంత దొరుకుతుంది.

ఆ కథ మీద మామూలుగా కనబడే అభిప్రాయం ఇలా ఉంటుంది: “వరద కథ మనసును కదిలించింది. మానవత్వాన్ని రచయిత అద్భుతంగా చిత్రించారు.” ఈ రెండు వాక్యాలు వరద మీద రాసిన ఏ కథకైనా సరిపోతాయి. అంతకంటే పెద్ద తప్పు, రెండో వాక్యం ఈ కథకు అసలు సరిపోదు. ఊరు మునిగినప్పుడు కులాల గీతలన్నీ చెరిగిపోతాయి. ఆకలి ముందు ఆచారం ఓడిపోయి, పై కులం ఆయన కింది కులంవాడు పెట్టిన అన్నం తింటాడు. కానీ నీళ్ళు తీశాక ఊరు మళ్ళీ పాత ఊరే. మానవత్వం గెలిచిందని రాసినవాడు ముగింపు చదవలేదు, లేదా మధ్యలోనే కళ్ళు తడిసి ఆగిపోయాడు. (ముగింపు బయటపెట్టేశామని కోప్పడకండి, దాదాపు యాభై ఏళ్ళ కథ, అందులోనూ మొదటిది.)

అదే అభిప్రాయాన్ని ఇలా రాస్తే? “నీళ్ళున్నన్నాళ్ళూ కలిసి ఉన్నవాళ్ళు నీళ్ళు పోగానే విడిపోయారు. రచయిత ఎవరినీ తిట్టలేదు. తిట్టకపోవడమే నన్ను ఇబ్బంది పెట్టింది. అన్నం పెట్టినవాడు లోపల ఏమనుకున్నాడో ఈ కథ నాకు చెప్పలేదు. తిన్నాయన సంకోచమే నాకు ఎక్కువ తెలిసింది.” ఇందులో మెప్పు ఉంది, ఫిర్యాదూ ఉంది, రెండూ ఒకే చోటి నుంచి పుట్టాయి. వినేవాడు ఒప్పుకోనక్కర్లేదు, కానీ కథ తెరిచి ఎక్కడ చూడాలో అతనికి తెలుస్తుంది. రెండు వాక్యాల బదులు ఐదు పట్టాయి. ఆ మూడు వాక్యాల ఖర్చుకు వెనకాడకండి.

కొన్ని మాటలు కొంతకాలం మడిచి పెట్టెలో పెట్టేస్తే మంచిది: కళ్ళకు కట్టినట్టు, మట్టి వాసన, గుండె బరువెక్కింది, ఒకదాన్ని మించి ఒకటి, తప్పక చదవాల్సిన. వీటిలో చాలావరకు ముందుమాటల నుంచి జారి వచ్చినవే. తెలుగు కథల పుస్తకానికి ఒకటో రెండో ముందుమాటలు, పైగా వెనక అట్ట మీద నాలుగు మెచ్చుకోలు మాటలు ఉండడం రివాజు. కథలకంటే ముందు అవి చదివితే, తెలియకుండానే వాటి మాటే మన అభిప్రాయమైపోతుంది. కథలయ్యాక చదవండి. ముందుమాట రాసినవాడు ఏ కథల పేర్లెత్తాడో, మీ చీటీల్లో ఏవి నిలిచాయో పోల్చి చూసుకోవడానికి అప్పుడు బాగా పనికొస్తుంది.

పదిమంది కలిసి ఒక పుస్తకం మాట్లాడుకునే చోట ఇంకో చిట్కా ఉంది. మాట మొదలెట్టక ముందే ఒక్కొక్కరూ తమకు గుర్తున్న మూడు కథల పేర్లు చీటీ మీద రాసి మడిచి ఇవ్వాలి. పుస్తకం తెరవకూడదు. మొత్తం ముప్ఫై ఓట్లు. అవి ఐదారు కథల మీదే పడితే పుస్తకంలో శిఖరాలు కొన్నే ఉన్నాయన్నమాట. ఇరవై కథల మీదికి చెదిరితే, పుస్తకం ఒక్కొక్కరికీ ఒక్కో గుమ్మం తెరిచిందన్నమాట. ఒక్కరే ఎంచుకున్న కథతో చర్చ మొదలుపెట్టండి. అందరూ ఎంచుకున్నదానితో మొదలుపెడితే గంటసేపు “అవును, అవును” తప్ప వేరే మాట పుట్టదు. ముందు చీటీలు, తర్వాతే మాటలు. ఈ వరస తప్పితే గట్టిగా మాట్లాడేవాడి మూడు కథలే అందరి మూడు కథలూ అయిపోతాయి.

కొత్తగా వచ్చే పాఠకులతో మరో గందరగోళం ఉంది. పేరు చూసి రాజధాని కథలనుకుని తెరుస్తున్నారు. ఈ కథల అమరావతి అమరేశ్వరాలయం, స్తూపం ఉన్న పాత ఊరు, ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. కొత్త రాజధాని ఆ పేరే పెట్టుకుని వేరేచోట, తుళ్ళూరు వైపు గుంటూరు జిల్లాలో లేచింది. “రాజధాని గురించి ఒక్క ముక్క లేదు” అన్న అభిప్రాయం హాస్యానికి చెప్పింది కాదు. ఇంకొందరు శ్యామ్ బెనెగల్ దూరదర్శన్ కోసం హిందీలో తీసిన ధారావాహిక చూసి పుస్తకానికి వస్తారు. వాళ్ళు తెర మీది ముఖాల కోసం వెతుకుతారు, వాక్యాన్ని వదిలేస్తారు. అభిప్రాయం రాసేటప్పుడు ఏ దారిన పుస్తకానికి వచ్చారో ఒక్క వాక్యంలో చెప్పేస్తే చదివేవాడు తన లెక్క తాను సరిచేసుకుంటాడు.

పొడవు విషయానికొస్తే మూడు వందల నుంచి నాలుగు వందల మాటలు చాలు. అందులో రెండు కథల పేర్లు ఖచ్చితంగా ఉండాలి, నచ్చింది ఒకటి, నచ్చనిది ఒకటి. ఎన్ని కథలు చదివారో, ఎన్ని రోజుల్లో చదివారో చెప్పాలి. కథ ఆఖరి వాక్యాన్ని యథాతథంగా ఎత్తి రాయకూడదు. మూడు పేజీల కథకు ఆఖరి వాక్యమే కొక్కెం. దాన్ని పీకి ముందే చేతిలో పెడితే మిగిలేది తాడు. ‘ఒక రోజెళ్ళిపోయింది’ అనే పేరున్న కథ మీద “పేరులో ఉన్నదే జరిగింది, ఒక రోజు వెళ్ళిపోయింది” అని రాసి ఆపేసినవాళ్ళున్నారు. వెక్కిరింతగా బాగానే ఉంది. అయితే ఆ రోజు ఎవరిది, పొద్దున ఉన్నది సాయంత్రానికి ఏం తగ్గింది, ఏం మిగిలింది అన్నది మూడో ముక్కగా చీటీ మీద రాయడానికి ఆ కథను ఇంకోసారి తెరవాలి. ఈసారి పైకి చదువుతూ.