శనివారం రాత్రి నానబెట్టిన బ్రెడ్డు

అరకు వెళ్లే కిరండూల్ ప్యాసింజరు విశాఖ స్టేషన్లో ఉదయం ఏడు కాకుండానే కదిలిపోతుంది. ఎంవీపీ కాలనీలో ఉండే మేం దాన్ని అందుకోవాలంటే ఆరింటికల్లా ఇంటికి తాళం వేయాలి. సంక్రాంతి వెళ్లాక కాకినాడ నుంచి మా వదిన పిల్లలతో వచ్చింది. మొత్తం ఏడుగురం. ఆ వేళప్పుడు ఇడ్లీలు దించి, చట్నీ రుబ్బి, డబ్బాలు కట్టడం నా వల్ల కాదని ముందే చేతులెత్తేశాను. బ్రెడ్డూ గుడ్లూ పాలూ కలిపి రాత్రే నానబెట్టి, తెల్లారి ఓటీజీలో, అంటే చిన్న కరెంటు ఓవెన్లో, పెట్టేసే వంటకం ఒకటి నాకు తెలుసు. అమెరికాలో స్ట్రాటా అంటారు, పొరలు అని అర్థం. వాళ్లు క్రిస్మస్ పొద్దున్న చేసుకుంటారట. మాకు అరకు ప్రయాణం.

తెలుసు అన్నానే గానీ, దాన్ని అప్పటికి ఒకసారి చేసి పాడుచేశాను. అది అక్టోబరు, ముసురు పట్టిన రోజులు. ఎండిన బ్రెడ్డయితేనే పాలు బాగా పీల్చుకుంటుందని ముక్కల్ని పళ్లెంలో పరిచి రాత్రంతా బాల్కనీలో పెట్టాను. సముద్రపు గాలికి తెల్లారేసరికి అవి ఎండకపోగా మెత్తటి దూదిలా తయారయ్యాయి. మూలనున్న రెండింటిని కాకి ఎత్తుకుపోయింది. మిగతావాటినే నానబెట్టాను. పైగా పచ్చి టమాటా ముక్కలు వేశాను. ఓవెన్ నుంచి తీశాక పైన ఎర్రగా, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. చెంచా దించితే అడుగున నీళ్లు, నీచు వాసన. ఇంకో తప్పు కూడా ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు గిన్నెను తీసినట్టే వేడి ఓవెన్లోకి తోశాను. కాసేపటికి టిక్కుమని చప్పుడు. కడిగేటప్పుడు చూస్తే అడుగున వెంట్రుకవాసి పగులు. పెళ్లికి ఎవరో ఇచ్చిన గిన్నె అది, ఇప్పుడు అందులో ఉల్లిపాయలు పోసుకుంటున్నాను.

కాబట్టి ఈసారి బ్రెడ్డును గాలికి వదల్లేదు. పది ముక్కల్ని ఓటీజీలో 150 డిగ్రీల దగ్గర రెండు వైపులా తిప్పి ఆరబెట్టాను. రంగు రానక్కర్లేదు, వేలితో కొడితే టకటకమంటే చాలు. తియ్యగా ఉండే మిల్క్ బ్రెడ్డు దీనికి పనికిరాదు, మామూలు శాండ్‌విచ్ బ్రెడ్డే తేవాలి. ఉల్లిపాయలు, క్యాప్సికం, పచ్చిమిర్చి, టమాటా నూనెలో వేసి, గరిటె గీరినచోట మళ్లీ నీరు ఊరనంత వరకు వేయించాను. ఈ ఓపిక దగ్గరే మొదటిసారి నేను దెబ్బతిన్నది.

ఇదంతా అయ్యాక అసలు చిక్కు వచ్చింది. ప్రయాణం ఆదివారం. నానబెట్టాల్సింది శనివారం రాత్రి. మా అత్తయ్య శనివారం గుడ్డు ముట్టరు, వంటగదిలో పగలగొట్టనివ్వరు.

"పన్నెండు దాటితే ఆదివారమే కదమ్మా, అప్పుడు కొట్టుకుంటుంది" అన్నారు మావారు.

"అది నీ గోడ గడియారానికి. పంచాంగానికి సూర్యోదయం అయితేనే వారం మారేది" అన్నారు అత్తయ్య.

ఆ మాట నిజమే. నాకు ఎదురు చెప్పడానికేమీ లేదు. నానకుండా కుదరదా అని వదిన అడిగింది. గంటా రెండు గంటలు నానినా పరవాలేదుగానీ, అప్పుడు నేను రెండింటికి లేవాలి. ఇక రాత్రే చెయ్యడం ఎందుకు! అత్తయ్య కాసేపు ఆలోచించి, "తినేది సూర్యోదయం అయ్యాకేనా?" అని అడిగారు. రైల్లోనే అన్నాను. "అయితే దీపం కొండెక్కాక వెనక సింకు దగ్గర కొట్టుకో. నా పొయ్యి దగ్గరకి తేకు. తర్వాత స్నానం చెయ్యి" అన్నారు.

అలా రాత్రి పదింటికి, వాషింగ్ మెషీన్ పక్కన నిలబడి ఏడు గుడ్లు గిలక్కొట్టాను. 600 మిల్లీలీటర్ల పాలు, మిరియాల పొడి, కాస్త ఉప్పు. చీజ్‌లోనే ఉప్పుంటుంది కాబట్టి చెయ్యి బిగబట్టాలి. ఈసారి గాజు జోలికి పోకుండా పక్కింటివాళ్ల కేకు ట్రే అడిగి తెచ్చాను. అడుగున బటర్ పేపరు పరిచి, ఒక వరస బ్రెడ్డు, ఒక వరస కూర, కొంచెం చీజ్, మళ్లీ బ్రెడ్డు. పైనుంచి సొన పోసి, చెంచా వెనక వైపుతో అక్కడక్కడా అదిమాను.

"ఏటమ్మా, మూతెట్టి గట్టు మీద ఉంచీ, ఇడ్లీపిండిలాగ" అన్నారు అత్తయ్య, దూరం నుంచే. ఇది పులియాల్సింది కాదు. పాలూ గుడ్లూ కలిసినది రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. ఫ్రిజ్‌లో చోటు కోసం పెరుగు గిన్నెను, రెండు సీసాల నీళ్లను బయటకు తరిమాను.

ముందే చేసిపెట్టుకుంటే తెల్లారి నిద్రపోవచ్చు అనుకునేవాళ్లకు ఒక మాట. నాలుగింటికే లేచాను. ట్రే చల్లదనం తగ్గడానికి ఒక అరగంట, ఫాయిల్ కప్పి 180 డిగ్రీల దగ్గర అరగంట, ఫాయిల్ తీసేసి పైన ఎర్రబడడానికి ఇంకో ఇరవై నిమిషాలు. కానీ ఆ సమయమంతా నా చేతులు ఖాళీ. స్నానం చేశాను, పిల్లల స్వెట్టర్లు వెతికాను, కాఫీ వేడిగా ఉండగానే తాగాను. ఇడ్లీ పొద్దున్న ఇవేవీ జరగవు. నడిమధ్యలో చాకు గుచ్చితే తడి అంటకుండా వచ్చింది. థర్మామీటరు ఉన్నవాళ్లు లోపల 71 డిగ్రీలు దాటిందో లేదో చూసుకుంటే సరిపోతుంది. తీసిన వెంటనే పొంగు కాస్త కుంగింది. కుంగాలి కూడా, అప్పుడే ముక్క నిలబడుతుంది. బటర్ పేపరు పట్టుకుని మొత్తాన్ని ఒక్కసారే పైకెత్తి పన్నెండు ముక్కలు కోశాను. వేడి మీద మూత పెడితే ఆవిరి నీళ్లన్నీ మళ్లీ బ్రెడ్డు మీదే పడతాయి, అందుకని ఆటోలో కూడా డబ్బాకు మూత ఓరగానే పెట్టి ఒళ్లో పట్టుకున్నాను.

కొత్తవలస దాటాక డబ్బా తీశాం. ఎండ కిటికీలోంచి ఒళ్లోకి వచ్చేసింది. అత్తయ్య ఒకసారి బయటకు చూసి, ముక్క అందుకున్నారు. సగం తిన్నాక, "చప్పగా ఉందే" అని చేతిసంచీలోంచి ఆవకాయ సీసా తీశారు. ఆ తర్వాత ఆ సీసా మా ఏడుగురి మధ్యా తిరిగింది. ఘాటు ఎక్కేలోగా డబ్బా ఖాళీ. మూతకు అంటుకున్న చీజ్‌ను మాత్రం వదిన చిన్నకొడుకు బొర్రా వచ్చేదాకా గోటితో గోకుతూనే ఉన్నాడు.