మూసి ఉన్న రాతి ద్వారం వెనుక

మా ఊరి శివాలయంలో ముఖమండపానికి దక్షిణాన ఎప్పుడూ తాళం వేసి ఉండే చిన్న గది ఒకటి ఉంది. ద్వారబంధం రాతిది, పైకమ్మి మీద అరిగిపోయిన గజలక్ష్మి. తలుపు మాత్రం టేకుది, తాళం కప్ప ఎవరో బజారులో కొన్నది. ఉప్పుగాలికీ చెదలకూ వరదలకూ ఓర్చి ఈ గోదావరి లంకల నేలలో కొయ్య వెయ్యేళ్ళు నిలవదు కనుక, ఆ వాకిట్లో తూర్పు చాళుక్యుల కాలానిదని చెప్పదగినది ఆ రాతి చట్రం ఒక్కటే. అయినా చూసేవారి ఊహ తాళం దగ్గరే మొదలవుతుంది.

లోపల సొరంగం ఉందనీ, అది ద్రాక్షారామం దాకా పోతుందనీ, దారిలో ఉన్న బొక్కసాన్ని ఒక నాగుపాము కాస్తున్నదనీ ఊళ్ళో చెప్పుకుంటారు. సొరంగాన్ని నేను నమ్మలేను. నాలుగు మూరలు తవ్వితే నీరు ఊరే ఒండ్రు నేల ఇది. పునాదికి వేసిన రాయి సైతం మెట్ట ప్రాంతం నుంచి తెచ్చుకోవలసిందే. ఇక పాము సంగతి: 2024 జూలై 14న పూరీ జగన్నాథాలయ రత్నభాండారాన్ని తెరిచినప్పుడు పాములు పట్టేవారిని సిద్ధంగా ఉంచారు గాని, వారికి పని పడలేదు.

బంగారం మాట పక్కనపెట్టి, ఆ గదిలో ఏమి ఉండి ఉంటుందని ఊహించడానికి ద్రాక్షారామమే మంచి ఆధారం. చాళుక్య భీముడు కట్టించాడని చెప్పే ఆ భీమేశ్వరాలయంలో గర్భగృహం రెండు అంతస్తులు; కింది ప్రదక్షిణ మార్గం పగటిపూట కూడా చీకటిగానే ఉంటుంది. పూర్వం అక్కడ రత్నాలే వెలుగునిచ్చేవని జనం చెప్పుకుంటారు. ఆ గుడి రాళ్ళ మీద చెక్కిన వందల శాసనాలు మాత్రం పదేపదే చెప్పేది అఖండ దీపాల సంగతి: ఫలానావారు ఫలానా పుణ్యం కోసం దీపం పెట్టించారు, దాని నేతికై ఇంత పశుసంపద ఇచ్చారు అని. రాణులూ, రాజోద్యోగుల భార్యలూ ఆ దాతలలో ఉన్నారు. దీపం ఆరకుండా వెలగాలంటే నెయ్యి రోజూ కొలిచి తేవాలి, కొలిచినది రాయాలి, మిగిలినది చీమల నుంచీ ఎలుకల నుంచీ కాపాడాలి. కనుక నా ఊహలో ఆ గది నిండా మూతి కట్టిన నేతి కుండలు, కొలపాత్రలు, ప్రమిదల దొంతరలు, లెక్కలు గీసిన తాటాకు కట్టలు, ఒక గంటం. తాళం వేయవలసింది నిజానికి వీటికే. నెయ్యి దొంగిలించడం రత్నాలు దొంగిలించడం కన్నా తేలిక కదా!

ఈ తేమలో తాటాకు ఎన్నాళ్ళో నిలవదు. రాగిరేకు నిలుస్తుంది. వరాహ లాంఛనంతో, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అనే అక్షరాలతో ముద్ర వేసిన కడియానికి గుచ్చిన చాళుక్యుల రాగిరేకులు ఎన్నో దొరికాయి. కోనసీమలోని నందంపూడిని రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టుకు అగ్రహారంగా ఇచ్చిన 11వ శతాబ్దపు శాసనాన్ని రచించినవాడు నన్నయభట్టే. అటువంటి రేకుల కట్ట మా గదిలో ఉంటే బాగుండునని ఆశ పుడుతుంది గాని, అవి దానం పుచ్చుకొన్నవారి హక్కుపత్రాలు. గుడికిచ్చిన దానాలను గుడి రాతి మీదనే చెక్కేవారు.

అందుచేత నాకు ఎక్కువ నమ్మకం కలిగేది ఆ గది లోపలి గోడల మీదనే. బయటి గోడల శాసనాల మీద తరతరాలుగా వేసిన సున్నం గట్టిపడి అక్షరాలు పూడుకుపోయాయి. లోపలి గోడల జోలికి అంతగా ఎవరూ పోయి ఉండరు. తాళం తీసే రోజు వస్తే, టార్చిని నేల మీదకు కాక గోడకు పక్కవాటుగా పట్టమని అడుగుతాను. అరిగిన అక్షరం ఎదురు వెలుగులో కనబడదు. పక్క నుంచి వెలుగు పడితే గాడిలో నీడ నిలిచి, చదవడానికి వీలవుతుంది.