నోట్‌బుక్ అంచున రాసుకున్న జవాబు

గురువారం, రాత్రి.

ఈ సాయంత్రం బైబిలు అధ్యయనం ముగించుకొని వచ్చి నోట్‌బుక్ తెరిస్తే, పేజీ అంచున నా చేతివ్రాతలో మూడు పంక్తుల జవాబు కనిపించింది. అది ఏ ప్రశ్నకు జవాబో ఆ ప్రశ్న మాత్రం పేజీలో ఎక్కడా లేదు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ దాదాపు ఐదు నిమిషాలు మాట్లాడారు. అంతసేపూ నా కలం కదులుతూనే ఉంది గానీ, ఆమె మాటల్లో ఒక్కటీ కాగితం మీదికి రాలేదు. అది చూసినప్పటి నుండి మనసు కుదుటగా లేదు కనుక, జరిగింది జరిగినట్టు రాసుకుంటున్నాను.

మేము చదువుతున్నది రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ అధ్యాయం. మా గుంపులోని తొమ్మిదిమందిమీ ఒకే సంఘానికి చెందినవాళ్లం కాదు. లూథరన్ సంఘంలో పెరిగినవాళ్లు ఉన్నారు, బాప్టిస్టులు, పెంతెకొస్తు విశ్వాసులు ఉన్నారు, ఒక కాథలిక్ దంపతులు ఉన్నారు; ఆ పెద్దావిడ శనివారాన్ని విశ్రాంతిదినంగా పాటించే కుటుంబం నుండి వచ్చారు. ఇలాంటి గుంపుకు ఈ అధ్యాయం తేలికగా మింగుడుపడేది కాదు. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా విడిచి వెళ్లమని ఆజ్ఞాపించిన సంగతి అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో ఉంది. వాళ్లు లేని ఆ కాలంలో అక్కడి సంఘం యూదేతర విశ్వాసులతోనే నిండిందనీ, యూదా విశ్వాసులు తిరిగి వచ్చాక ఆహారం గురించీ దినాల గురించీ ఇరువురి మధ్య భేదాలు తలెత్తాయనీ చాలామంది పండితులు భావిస్తారు. సుమారు క్రీ.శ. 57లో వాళ్లకు రాస్తూ అపొస్తలుడైన పౌలు ఈ అధ్యాయాన్ని "విశ్వాసము విషయమై బలహీనుడైనవానిని చేర్చుకొనుడి" అన్న ఆజ్ఞతో మొదలుపెట్టాడు. ఎవరి అభిప్రాయం సరైనదో తేల్చిన తరువాత చేర్చుకొమ్మని కాదు, తేల్చకముందే చేర్చుకొమ్మని.

ఒకడు ఒక దినాన్ని మరొక దినం కంటె మంచిదని ఎంచుతాడు, మరొకడు అన్ని దినాలనూ సమానంగా ఎంచుతాడు అని చెప్పే 5వ వచనం దగ్గర ఆ పెద్దావిడ మాట్లాడటం మొదలుపెట్టారు. "దినము" అన్న మాట చెవిన పడగానే ఆమె ఏం చెప్పబోతున్నారో నాకు తెలిసిపోయిందనుకున్నాను. వెంటనే కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయం 16వ వచనం తీసి, దాని ఆధారంగా జవాబు రాసుకొని, ఆమె ముగించీ ముగించకముందే చదివి వినిపించాను. ఆమె కోప్పడలేదు. "నేను అడిగింది అది కాదు బాబూ," అని మాత్రం అన్నారు.

ఆ తరువాత గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. అధ్యయనం నడిపించే అన్నయ్య నన్ను మందలించలేదు గానీ, ఇక మీదట ఎవరు మాట్లాడినా ముందుగా అంతకుముందు మాట్లాడినవారి మాటను తమ నోట చెప్పి, అవతలివారు "అవును, నేను అన్నది అదే" అన్న తరువాతనే తమ మాట మొదలుపెట్టాలని కోరారు. పని నెమ్మదించింది. 23 వచనాలు పూర్తి చేద్దామని కూర్చున్నవాళ్లం 12వ వచనం దగ్గరే ఆగిపోయాము. అయినా ఈ ఏడాది కాలంలో ఇంత శ్రద్ధగా చదివిన సాయంత్రం మరొకటి నాకు గుర్తు లేదు. పెంతెకొస్తు సంఘానికి చెందిన యువకుడు కాథలిక్ సహోదరి మాటను తిరిగి చెప్పటానికి మూడుసార్లు ప్రయత్నించాడు. మూడోసారి ఆమె తల ఊపినప్పుడు ఇద్దరి ముఖాల్లోనూ వెలుగు కనిపించింది. వాళ్లు ఏకీభవించలేదు. ఒకరు చెప్పింది మరొకరికి అందింది, అంతే.

ఇంటికి వచ్చాక అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం మళ్లీ చదివాను. యూదేతర విశ్వాసులు మోషే ధర్మశాస్త్రాన్ని పాటించాలా అన్న విషయమై యెరూషలేములో కూడుకున్నవాళ్లు వాదించుకోలేదని ఆ పుస్తకం రాసిన లూకా చెప్పడు. "బహు తర్కము" జరిగిందనే రాశాడు. ఆ తరువాత పేతురు మాట్లాడాడు, అటుపైన సమూహమంతా "ఊరకుండి" బర్నబా, పౌలుల మాటలు ఆలకించింది. నేను ఎన్నోసార్లు ఈ అధ్యాయం చదివాను గానీ, ఎప్పుడూ చివర్లో యాకోబు చెప్పిన తీర్పు దగ్గరికే పరుగెత్తాను. ఆ నిశ్శబ్దం దగ్గర ఆగలేదు. అదే అధ్యాయం చివర, మార్కును వెంట తీసుకొని వెళ్లాలా వద్దా అన్న విషయంలో పౌలు, బర్నబా తీవ్రంగా విభేదించి విడిపోయారు. దాన్ని కూడా లూకా దాచలేదు. మార్కు పరిచారము నిమిత్తం తనకు ప్రయోజనకరమైనవాడని పౌలు తిమోతికి రాసిన రెండవ పత్రికలో చదివేదాకా చాలా దూరం నడవాలి.

ఆ దూరం సంఘ చరిత్రలోనూ తక్కువేమీ కాదు. 1529 అక్టోబరులో జర్మనీలోని మార్బుర్గ్‌లో సంఘ సంస్కర్తలు లూథర్, జ్వింగ్లీ కలిసినప్పుడు 15 అంశాల్లో 14 అంశాలకు ఒప్పుకొని, చివరిదైన ప్రభువు బల్ల దగ్గర, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకొనే ఆరాధనలో, క్రీస్తు శరీరం ఎలా ఉన్నదన్న ఒక్క ప్రశ్న మీద విడిపోయారు. ఇది చదివినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. కానీ 1999 అక్టోబరు 31న ఔగ్స్‌బుర్గ్‌లో లూథరన్లు, కాథలిక్కులు మనుషులు దేవుని ఎదుట నీతిమంతులుగా తీర్చబడటాన్ని గురించిన ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. ఆ ప్రకటనలో నన్ను ఆకట్టుకున్నది దాని అమరిక: ఒక్కొక్క అంశం కింద ముందుగా ఇరువురూ కలిసి ఒప్పుకొనేది, ఆ తరువాత అదే సంగతిని లూథరన్లు ఎలా చెబుతారో, కాథలిక్కులు ఎలా చెబుతారో విడివిడిగా ఉంటాయి. భేదాన్ని చెరిపివేయలేదు, పక్కపక్కనే కూర్చోబెట్టారు. మా చిన్న గదిలో ఈ సాయంత్రం అన్నయ్య చేయించిందీ ఇలాంటిదేనని నాకు అనిపించింది.

మన భాషలో "మాట వినడం" అంటే చెవికి పని చెప్పడం మాత్రమే కాదు, లోబడటం కూడా. ద్వితీయోపదేశకాండములో "ఇశ్రాయేలూ వినుము" అన్నప్పుడు మూలంలోని హెబ్రీ క్రియకు కూడా ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. దేవుని మాట వినడానికే కదా ఆ గదిలో కూర్చున్నాను, మరి పక్కన కూర్చున్న మనిషి మాటను ఎందుకు వినలేకపోయాను? "వినుట వలన విశ్వాసము కలుగును" అన్న మాట మేము చదువుతున్న ఈ పత్రికలోనిదే.

ఇంకా నొచ్చుకున్నది మరొకందుకు. కొలొస్సయుల పత్రికలో నేను వెతికిపెట్టుకున్న ఆ వచనాన్ని ఇప్పుడు తీరిగ్గా మొత్తం చదివాను. పండుగల విషయంలో, విశ్రాంతిదినము విషయంలో మీకు తీర్పు తీర్చుటకు ఎవనికిని అవకాశమియ్యకుడి అని అది చెబుతోంది. తీర్పు తీర్చవద్దన్న వచనాన్నే తీర్పుగా ఆమె ముందు పెట్టాను. ఆ వచనం మీద నా అవగాహన మారలేదు. దినాలు నీడ మాత్రమే, నిజస్వరూపము క్రీస్తులో ఉన్నదని ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ ఈ రోజు దాన్ని నేను వాడిన తీరు దాని అర్థానికే విరుద్ధం.

తొమ్మిదిన్నరకు ఆమెకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పి, మీరు అడిగింది మళ్లీ అడగండమ్మా అన్నాను. ఈసారి చేతిలో కలం ఉన్నా, ఆమె మాటలే రాసుకున్నాను: "దినమును లక్ష్యపెట్టేవాడు ప్రభువు కోసమే లక్ష్యపెడుతున్నాడని 6వ వచనం చెబుతోంది కదా బాబూ. మా అమ్మ మంచం పట్టిన తరువాత కూడా, లేచి కూర్చోలేని స్థితిలో, ఆ దినాన్ని కృతజ్ఞతతో ఆచరించింది. మరి ఈ అధ్యాయంలో బలహీనుడు అన్న మాటకు అమ్మను ఎక్కడ కూర్చోబెట్టాలి?"

నా దగ్గర జవాబు లేదని చెప్పాను. వచ్చే గురువారం 13వ వచనం మొదలుపెట్టేముందు ఈ ప్రశ్నను ఆమె తరఫున నేనే చదువుతానంటే సరేనన్నారు. ఎక్కడైనా తప్పు చదివితే మధ్యలోనే ఆపుతానని కూడా అన్నారు.